పళ్ళెంవీధి వారి పసికాలవ

బూరెలపాడు ఊళ్ళో పళ్ళెంవీధి అని ఒకటుంది. ఆ వీధివాళ్ళకి తెలివి ఎంత ఉండేదంటే, అరిగిపోతుందేమోనని వాడకుండా దాచుకునేవారు. అందులోనూ తాతబ్బాయి ఇంట్లో మరీను. ఆయన తల దువ్వుకునేటప్పుడు దువ్వెన మెల్లిగా ఆనించి తీసేసేవాడు, గట్టిగా లాగితే లోపలున్నది ఎక్కడ కదిలిపోతుందోనని. ఆయన భార్య మావుళ్ళు బజారుకి వెళ్తూ గుమ్మం వైపు తిరిగి, "మేం వచ్చేదాకా ఇక్కడే ఉండు, ఎటూ పోకు" అని ఇంటికి చెప్పి మరీ వెళ్ళేది. తిరిగొచ్చేసరికి ఇల్లు అక్కడే ఉండేది. "చూశారా, చెప్పబట్టి ఉంది!" అని మురిసిపోయేది. తాతబ్బాయి తమ్ముడు పోతురాజు వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని పరిగెత్తుకొచ్చేవాడు. ఇక వాళ్ళ మేనత్త చిట్టెమ్మ. వీధిలో ఏ బిడ్డ పుట్టినా పెంపకం సంగతులన్నీ ఆవిడే చెప్పాలి. ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు.

"మనలాంటి వాళ్ళు ఇంకో నలుగురుంటే ఈ ఊరు ఎలా ఉండేదో!" అనేవాడు తాతబ్బాయి, అరుగు మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ. ఆ మాట తలుచుకుంటేనే మిగతా ఊరివాళ్ళకి చెమటలు పట్టేవి.

ఆ వీధి కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. అందరికీ తెలివి సమానంగా ఉందని తేలేసరికి చీటీలు వేశారు. చీటీలు రాసినవాడికి తాతబ్బాయి అన్న పేరొక్కటే రాయడం వచ్చు. అంతే, ఏకగ్రీవం.

ఇంత తెలివైన వీధికి ఒక్కటే లోటు. మధ్యలో పళ్ళెంలా లోతు. నాలుగు చినుకులు పడితే చాలు, ఊళ్ళో నీళ్ళన్నీ వచ్చి అక్కడే కూర్చునేవి. పోదామంటే వాటికి కాలవ లేదు. వానాకాలం వచ్చిందంటే వంటింట్లో గిన్నెలు వాటంతటవే వీధిలోకి షికారు వెళ్ళేవి, పక్కింటివాళ్ళ గిన్నెలు చుట్టపుచూపుగా వీళ్ళింటికి వచ్చేవి.

ఆ ఏడు తాతబ్బాయి కూతురు మాణిక్యం కడుపుతో ఉంది, వానాకాలానికి నెలలు నిండుతాయి. తొలి కాన్పు. పుట్టింట్లో జరగాలి కదా! తాతబ్బాయి పళ్ళూ పూలూ పట్టుకుని ఏటవతల ఉన్న వియ్యాలవారింటికి వెళ్ళాడు, పిల్లని పురిటికి పంపమని అడగడానికి. వియ్యపురాలు వరాలమ్మ మర్యాదస్తురాలే. మజ్జిగ ఇచ్చింది, విసనకర్ర ఇచ్చింది, తర్వాత మాట చెప్పింది.

"అన్నయ్యగారూ, పంపనని నేననడం లేదు. కానీ నిరుడు వానల్లో మీ ఇంటికొస్తే నా చెప్పులు కొట్టుకుపోయాయి. ఆ నీళ్ళల్లో చంటిబిడ్డని ఎక్కడ పడుకోబెడతారు చెప్పండి? వానాకాలంలో నా కోడలు కాలు తడవకుండా మీ గుమ్మం ఎక్కగలిగితే, నేనే స్వయంగా తెచ్చి దింపుతాను. లేదంటారా, కాన్పు ఇక్కడే. ఏమీ అనుకోకండి."

తాతబ్బాయి గుండె కలుక్కుమంది. మనవడో మనవరాలో, ఆ బిడ్డ మొదటి ఏడుపు తన ఇంట్లో వినాలని ఆయన ఎన్నాళ్ళుగానో ఆశపడుతున్నాడు. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే మావుళ్ళు గోడకి జారిలబడి ఏడ్చింది. ఆవిడ ఏడిస్తే చిట్టెమ్మత్త ఏడ్చింది. ఇద్దరూ ఏడుస్తుంటే ఊరుకోవడం బాగుండదని పోతురాజు కూడా ఏడ్చాడు. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. పేరు ప్రసన్న. చిన్న వయసు, పెద్ద ఓపిక. ఆ ఓపిక ఆ వీధిలోనే ఖర్చయిపోతుందని పాపం అప్పటికి ఆవిడకి తెలియదు.

"చూడండి తాతబ్బాయి గారూ," అంది. "కేంద్ర ప్రభుత్వం మన ఊరికి గ్రాంటు ఇచ్చింది. ఇది మేడలున్న వీధుల కోసం కాదు, లేనివాళ్ళుండే వీధుల్ని బాగుచేయడానికి. కాలవ కావాలా, దీపాలు కావాలా, రోడ్డు కావాలా అన్నది ఆఫీసులో కూర్చుని మేం తేల్చకూడదు. మీరే సభ పెట్టుకుని, చేతులెత్తి, తీర్మానం చేసి పంపాలి. ఒక్క మాట. సభ జరిగేటప్పుడు వీధిలో ఒక్క మనిషి కూడా బయట మిగలకూడదు. అందరి మాటా వినాలి. అది రూలు."

తాతబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. కాలవ! కాలవొస్తే నీళ్ళు పోతాయి, నీళ్ళు పోతే కూతురొస్తుంది. "మా అమ్మాయి పురుడు ఆ కాలవ మీదే ఉంది. మీరు నిశ్చింతగా వెళ్ళండి మేడం. ఒక్క మనిషిని వదిలితే నా పేరు తాతబ్బాయే కాదు" అన్నాడు.

సభ రోజు రానే వచ్చింది. అందరూ అరుగుల ముందు చేరారు. ఇంతలో డప్పులు మోగాయి. పక్కవీధి పెళ్ళికొడుకు, బ్యాండు మేళం, వెనక చుట్టాలు, ఇటుగా ఆడపెళ్ళివారింటికి పోతున్నారు. పోతురాజు చూశాడు. వీధిలో మనుషులు! సభ బయట! ఇంకేముంది, వీధికి ఆ చివరా ఈ చివరా వెదుళ్ళు అడ్డం కట్టేసి, "ఎక్కడికండీ పోతారు? కూర్చోండి, చేతులెత్తండి" అన్నాడు.

"బాబూ, ముహూర్తం దాటిపోతోంది!" అన్నాడు పెళ్ళికొడుకు.

"మీ పెళ్ళి మీ ఇంటిది. ఇది కేంద్ర ప్రభుత్వానిది" అన్నాడు తాతబ్బాయి.

కూర్చున్నారు పాపం. ఒకరొకరు ఏం కావాలో చెప్పారు. వీధివాళ్ళు కాలవ అన్నారు. కానీ మేళంవాళ్ళూ చుట్టాలూ కలిస్తే వీధివాళ్ళకంటే ఎక్కువ మంది. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అదే తీర్మానం కదా! అంతే, తీర్మానం మునిసిపాలిటీకి చేరింది. ప్రసన్న విప్పి చదివింది. పళ్ళెంవీధి వాసులు ముక్తకంఠంతో కోరేదేమనగా, డోళ్ళు పెట్టుకోడానికి ఒక గది కట్టించాలి. రెండోది, పెళ్ళికొడుకుని తక్షణం వదిలిపెట్టాలి.

ఆవిడ స్కూటరు మీద పరిగెత్తుకొచ్చింది. "కాలవేదండీ? మీ అమ్మాయి పురుడన్నారు కదా?"

"ఏం చెయ్యమంటారు మేడం," అన్నాడు తాతబ్బాయి దిగులుగా. "మేం కాలవ అనే అన్నాం. ఓడిపోయాం. ఆ క్లారినెట్టు ఆయన రెండు చేతులూ ఎత్తాడు."

ప్రసన్న నెత్తి మీద చెయ్యి వేసుకుని, తనే దగ్గరుండి మళ్ళీ సభ పెట్టించింది. ఈసారి ఆ వీధి ఇళ్ళల్లో కాపురముండేవాళ్ళని తనే ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టింది. కాలవ తీర్మానం గెలిచింది. తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకో మెట్టుంది," అంది ప్రసన్న. "సర్వే చేసే ఆయన వస్తాడు. ఇది నిజంగా లేనివాళ్ళ వీధో కాదో, ఎవరింట్లో ఏముందో చూసి రాసుకుంటాడు. అడిగిందానికి నిజం చెప్పండి. ఒక్క అబద్ధం కూడా ఆడొద్దు."

ఆవిడ అటు వెళ్ళిందో లేదో ఇంట్లో గుబులు మొదలైంది. మావుళ్ళుకి ఒక బీరువా ఉంది, తలుపు ఊడిందనుకోండి. పోతురాజుకి మంచం ఉంది, కోడు విరిగిందనుకోండి. "బీరువా చూస్తే కలిగినవాళ్ళమనుకుంటాడు. లేదంటే అబద్ధమవుతుంది. ఇప్పుడెలారా దేవుడా!" అని మావుళ్ళు చేతులు నలుపుకుంది.

చిట్టెమ్మత్త తమలపాకు నములుతూ కాసేపు ఆలోచించింది. "ఒరే తాతబ్బాయ్, అబద్ధం ఆడకూడదు, సామాను ఉండకూడదు, అంతే కదా? మన సామాను ఎదురింట్లో పెట్టు. వాళ్ళది మనింట్లో పెట్టు. ఇక మనింట్లో ఉన్నదేదీ మనది కాదు. అది నిజమే కదా!"

"అత్తా!" అన్నాడు తాతబ్బాయి. ఆ తెలివికి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అంతే, వీధి వీధంతా సామాన్లు మోసింది. ఇటు బీరువా అటు, అటు రోలు ఇటు. ఒక పొంతన లేదు, ఒక ఆపు లేదు.

సర్వే ఆయన వచ్చాడు. "ఈ రోలు ఎవరిదండీ?"

"మాది కాదండీ" అన్నాడు తాతబ్బాయి.

"ఈ ట్రంకుపెట్టె?"

"మాది కాదండీ."

"మీ ఒంటిమీద చొక్కా?"

"ఇదీ ఎదురింటాయనదేనండీ. కొంచెం బిగుతు."

సర్వే ఆయన ఎదురింటికి వెళ్ళాడు. అక్కడ అరుగు మీద చిట్టెమ్మత్త కూర్చుని ఉంది. "ఈవిడ మీ అమ్మగారా?" అని అడిగాడు. ఎదురింటాయన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఒట్టండీ, ఈవిడ మాది కాదు. తాతబ్బాయి వాళ్ళది. పొద్దున్నే తెచ్చి పెట్టారు" అన్నాడు.

సర్వే ఆయన కలం మూసి, తాతబ్బాయి తల వంక ఒకసారి, ఎదురింటాయన తల వంక ఒకసారి జాలిగా చూశాడు. "ఇంతకంటే లేనివాళ్ళు జిల్లాలో దొరకరు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గ్రాంటు మంజూరైంది. సామాన్లు వెనక్కి తెచ్చుకోవడం మాత్రం ఎవరికీ సరిగ్గా కుదరలేదు. ఇప్పటికీ ఆ వీధిలో ఒకరింటి మూత ఇంకొకరింటి గిన్నె మీదే ఉంటుంది.

టెండరు అయ్యింది, మేస్త్రి వచ్చాడు. పని మొదలయ్యే ముందు ప్రసన్న ఫోనుతో వీధిని ఫొటో తీసింది. "పని కాకముందు ఒకటి, అయ్యాక ఒకటి పైకి పంపాలి. రెండూ ఒకే చోటివని వాళ్ళకి తెలియాలి కదా. అందుకని ఈ ఫొటోలో ఉన్న గుర్తులు వేటినీ కదపకండి. ఉన్నవి ఉన్నట్టు ఉంచండి" అని చెప్పి వెళ్ళింది.

ఫొటోలో ఏముంది? కరెంటు స్తంభం ఉంది. ఒక గేదె ఉంది. పందుంపుల్ల నోట్లో పెట్టుకుని పోతురాజు ఉన్నాడు.

మేస్త్రి గునపం పట్టుకుని ముగ్గు గీస్తూ వచ్చాడు. "బాబూ, కాస్త జరుగు. కాలవ ఇటే పోవాలి."

"కుదరదు," అన్నాడు పోతురాజు, పుల్ల నోట్లోంచి తీయకుండానే. "నేను గుర్తుని."

"ఏం గుర్తు?"

"ఫొటోలో గుర్తుని. కదిలితే గ్రాంటు పోతుంది. గ్రాంటు పోతే కాలవ పోతుంది. కాలవ పోతే మా మాణిక్యం రాదు. నీకేం, చెప్పి వెళ్ళిపోతావు!"

మేస్త్రి బతిమాలాడు, కసిరాడు, బీడీ ఇస్తానన్నాడు. పోతురాజు కదిలితేగా! వదిన అక్కడికే తెచ్చి అన్నం ముద్దలు పెట్టింది. ఎండొస్తే అన్నయ్య గొడుగు పట్టాడు. గేదె మాత్రం బుద్ధి లేనిది, మేతకి వెళ్ళిపోయింది. గుర్తు పోయిందని ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటుంటే చిట్టెమ్మత్త కొంగు దోపి, గేదె నిలబడ్డ చోటికి వెళ్ళి వంగి నిలబడింది. "దూరం నుంచి చూస్తే తెలీదులేరా. కాస్త గడ్డి వెయ్యండి ముందర, అనుమానం రాకుండా" అంది.

చివరికి మేస్త్రికే విసుగొచ్చింది. పోతురాజు దగ్గరికొచ్చేసరికి కాలవని పక్కకి తిప్పి, ఆయన్ని చుట్టి, మళ్ళీ దారిలోకి తెచ్చాడు. ప్రసన్న వచ్చి చూసింది. అందమైన సిమెంటు కాలవ. వీధి వార నుంచి తాతబ్బాయి గుమ్మం దాకా, అక్కణ్ణుంచి ఊరవతల చెరువుకట్ట దాకా, మనిషి దిగి నడిచేంత వెడల్పు. మధ్యలో మాత్రం పాము కప్పని మింగినట్టు ఒక వంపు.

"ఇక్కడెందుకండీ ఇలా తిరిగింది?"

"పోతురాజు ఉన్నాడు కదండీ" అన్నారు అందరూ ఒకేసారి.

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీలెండి, నీళ్ళకి మలుపు తిరగడం వచ్చు" అని ఫొటో తీసుకుంది. పోతురాజుని ఇక కదలొచ్చని చెప్పింది. ఆయన కదలబోయి ధబాలున పడ్డాడు. నిలబడి నిలబడి కాళ్ళు నడక మర్చిపోయాయి.

వెళ్ళబోతూ ప్రసన్న ఆఖరి మాట చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

"తాతబ్బాయి గారూ, కాలవ కట్టివ్వడం వరకే మా పని. కాపాడుకోవడం మీది. చాలా వీధుల్లో చెత్త పోసి పాడుచేసుకుంటున్నారు. మీరు మాత్రం దీన్ని పసిబిడ్డలా చూసుకోండి."

"పసిబిడ్డలానా?" అన్నాడు తాతబ్బాయి.

"అచ్చం పసిబిడ్డలా."

అంతే. ఆవిడ స్కూటరు మలుపు తిరగకముందే చిట్టెమ్మత్త చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. ఇది ఆవిడకి కొట్టిన పిండి. "మావుళ్ళూ, ఆముదం తే! పోతురాజూ, నిప్పులు తే!" కాలవకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆముదం పట్టించారు. సాంబ్రాణి వేశారు. ముఖం ఎటువైపో తెలియక రెండు వైపులా దిష్టిచుక్క పెట్టారు. ఎవరైనా వీధిలో గట్టిగా మాట్లాడితే తాతబ్బాయి పరిగెత్తుకొచ్చి, "ష్, ఇప్పుడే కళ్ళు మూసింది" అనేవాడు. సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టడం మానేశారు. వీధివాళ్ళంతా వంతులేసుకుని జోలపాడారు. ఒళ్ళు వచ్చిందా లేదా అని మావుళ్ళు జానతో కొలిచి, "ఏంటో, పెట్టిన చోటే ఉంది, ఎదగట్లేదు" అని బెంగపెట్టుకుంది.

"సిమెంటు పిల్లలు నెమ్మదిగా ఎదుగుతార్లే" అని అత్త ధైర్యం చెప్పింది.

తాతబ్బాయి ఏటవతలికి కబురంపాడు. కాలవ వచ్చేసింది, ఇక మాణిక్యాన్ని తీసుకురండి అని. వరాలమ్మ మంచి రోజు చూసుకుని బయలుదేరింది. ఆ మంచి రోజునే, తెల్లవారి ఇంకా కాఫీలైనా తాగకముందే, ఆకాశం నల్లబడింది. మొదటి చినుకు టప్పున తాతబ్బాయి ముక్కు మీద పడింది.

ఆయన ఆనందం పట్టలేక ఎగిరి గంతేశాడు. ఇన్నాళ్ళకి కాలవ పనికొచ్చే రోజొచ్చింది! కానీ చిట్టెమ్మత్త గావుకేక పెట్టింది.

"ఒరే, పసిగుడ్డు వానలో తడిసిపోతోందిరా! జలుబు చేస్తే ఎవరిదిరా పూచీ?"

ఇంకేముంది! వీధంతా పరుగులు. టార్పాలిన్లు తెచ్చారు, దుప్పట్లు తెచ్చారు, కర్రలు పాతి కాలవ పొడుగునా పందిరి వేశారు. పైనుంచి ఆపితే సరిపోతుందా, పక్కనుంచి రావా? గంపలతో మట్టి తెచ్చి కాలవకి అటూ ఇటూ గట్టు పోశారు. ఒక్క బొట్టు లోపలికి పోకుండా కాళ్ళతో తొక్కి మరీ గట్టిచేశారు. వాన దంచి కొట్టింది. ఊళ్ళో నీళ్ళన్నీ అలవాటు ప్రకారం పళ్ళెంవీధికి వచ్చాయి. కాలవ దగ్గరికి వెళ్ళాయి, గట్టు చూశాయి, వెనక్కి తిరిగి ఇళ్ళల్లోకి వెళ్ళాయి. వీధి మోకాటి లోతు అయింది. గిన్నెలు షికారు బయలుదేరాయి. మధ్యలో కాలవ మాత్రం పొడిగా, వెచ్చగా, సాంబ్రాణి వాసనతో హాయిగా పడుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ఆటో ఆగింది. వరాలమ్మ తల బయటికి పెట్టి చూసింది. చెరువు. ఎక్కడ చూసినా చెరువు.

"బాబూ, బండి వెనక్కి తిప్పు" అంది.

తాతబ్బాయి చూశాడు. నీళ్ళల్లో పడుతూ లేస్తూ పరిగెత్తాడు, వెనకే మావుళ్ళు. "చెల్లెమ్మా, ఆగండి! ఒక్క నిమిషం ఆగండి!" ఆటోలో మాణిక్యం నిండు కడుపుతో కూర్చుని, "నాన్నా, తడిసిపోతున్నావు నాన్నా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూస్తే తాతబ్బాయికి మతి పోయింది. ఇంత దూరం వచ్చిన బిడ్డ గుమ్మం చూడకుండానే వెళ్ళిపోవాలా?

చుట్టూ చూశాడు. ఆటో ఆగిన చోటే పందిరి మొదలవుతోంది. "చెల్లెమ్మా," అన్నాడు రొప్పుతూ, "కాలు తడవకుండా గుమ్మం ఎక్కితే దింపి వెళ్తానన్నారు కదా? ఇటు దిగండి. కాలవలోకి దిగండి."

"కాలవలో నడిస్తే కాలు తడవదా?"

"మా కాలవలో తడవదు!" అన్నాడు గర్వంగా.

మావుళ్ళు ఒక చెయ్యి, తాతబ్బాయి ఒక చెయ్యి పట్టుకున్నారు. మాణిక్యం మెల్లిగా దిగింది. వెనకే వరాలమ్మ, చేతిలో చెప్పులు, కళ్ళల్లో అనుమానం. అటూ ఇటూ వరద, పైన వాన, మధ్యలో వీళ్ళు కాలవలో నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చేశారు. మాణిక్యం కాళ్ళకి పెట్టిన పసుపు కూడా చెదరలేదు. ఎత్తైన అరుగు మీద మంచం వేసి, దాని మీద కూర్చోబెట్టి, మావుళ్ళు కూతుర్ని కావలించుకుని భోరుమంది.

"గుమ్మం ఎక్కింది, ఒప్పుకున్నాను," అంది వరాలమ్మ, ఇంట్లోకి తొంగిచూసి. లోపల పీటలు తేలుతున్నాయి. "రేపు బిడ్డ పుట్టాక? ఈ నీళ్ళల్లో ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? నాకు ధైర్యం చాలడం లేదు అన్నయ్యగారూ."

ఇంతలో రెయిన్‌కోటులో ప్రసన్న నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. "ఏంటండీ ఇది? ఇంత కాలవ కట్టిస్తే నీళ్ళు ఇళ్ళల్లో ఉన్నాయేంటి? ఈ గట్లేంటి? ఈ టార్పాలిన్లేంటి?"

"పసిబిడ్డని వానలో తడపమంటారా మేడం?" అన్నాడు తాతబ్బాయి.

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఓపిక కాస్తా తెగిపోయింది. "అయ్యో రామా! కాలవంటే నీళ్ళు పోయాలండీ! వీధిలో నీళ్ళన్నీ దాన్లో పోయండి! ఇప్పుడే! ఈ క్షణమే!"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిట్టెమ్మత్త బుగ్గన వేలేసుకుంది. "పెళ్ళికాని పిల్ల, ఆవిడకేం తెలుస్తుందిలే. ఇంత చలిలో, నెల తిరగని బిడ్డకి చన్నీళ్ళు పోస్తారటే ఎక్కడైనా?"

"మేడం పోయమంది కదా అత్తా."

"పోయొద్దని నేనన్నానా? కాచి పోయండి!"

అంతే! అరుగు మీద పొయ్యి వెలిగింది. కాగు ఎక్కింది. పోతురాజు వీధిలో నీళ్ళు బిందెతో ముంచి కాగులో పోశాడు. ఎదురింటాయన పొయ్యి వెలిగించాడు, పక్కింటావిడ వెలిగించింది. వీధి వీధంతా పొగలు. వరదంతా బిందె బిందె చొప్పున వేణ్ణీళ్ళు అవుతోంది. తాతబ్బాయి కాలవ పక్కన కూర్చుని, మోచేత్తో వేడి చూసుకుని, నీళ్ళు నేరుగా మాడు మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, "అయిపోయింది నా తల్లి, అయిపోయింది, ఏడవకు" అంటూ చెంబుతో మెల్లిమెల్లిగా పోశాడు. ప్రసన్న తడిసిన అరుగు మీదే కూలబడింది.

వరాలమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. చూసి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అన్నయ్యగారూ," అంది. "సిమెంటు ముక్కనే ఇంత కళ్ళల్లో పెట్టుకుని చూస్తున్నారే, రక్తం పంచుకు పుట్టిన బిడ్డనైతే ఇంకెలా చూస్తారు! ఇంకేం ఆలోచించను. మాణిక్యం ఇక్కడే ఉంటుంది, కాన్పు ఇక్కడే."

తాతబ్బాయి చెంబు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. కళ్ళనీళ్ళు జలజలా కాలవలో రాలాయి. అవి వేణ్ణీళ్ళే కాబట్టి అత్త ఏమీ అనలేదు.

వరాలమ్మ కొంగు బిగించి పొయ్యి దగ్గరికి వచ్చింది. కాగులో వేలు ముంచి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. "అమ్మో, సలసలా కాగుతున్నాయి! ఇవి పోస్తే బిడ్డ ఒళ్ళు బొబ్బలెక్కిపోదూ? చన్నీళ్ళు కలపండి అన్నయ్యగారూ, చన్నీళ్ళు!"

తాతబ్బాయి కంగారుగా లేచాడు. మోకాటి లోతు వరదలో నిలబడి, అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంట్లో చూస్తే కుండలన్నీ ఎప్పుడో కొట్టుకుపోయాయి. చన్నీళ్ళు ఎక్కడా కనబడలేదు. ఖాళీ బిందె తమ్ముడి చేతిలో పెట్టి, వీధి చివరికి వేలు చూపించాడు.

"ఒరే పోతురాజూ, బజారుకి పరిగెత్తరా! ఎవరినైనా బతిమాలి ఒక్క బిందెడు చన్నీళ్ళు పట్టుకురా. దారిలో ఒలికిపోయాయో, చంపేస్తాను!"